వలపల అణువు, దాపల అణువు



తెగుళ్ల మందులమ్ము కొట్టులో గాని, సహకార సంఘపు గిడ్డంగిలో గాని రెండు పొట్లములను ప్రక్కప్రక్కన బెట్టి చూచితిరేని ఒక వింత కనబడును. ఒకదానిపై "మెటలాక్సిల్ 8 శాతము, మాంకోజెబ్ 64 శాతము" అని యుండును. రెండవదానిపై "మెటలాక్సిల్-ఎమ్ 4 శాతము, మాంకోజెబ్ 64 శాతము" అని యుండును. రెండును బూజు తెగుళ్ల జాతికి వాడెడి మందులే. చూచినవాడేమనుకొనును? ఎనిమిది గలది గట్టి మందు, నాలుగు గలది పలుచని మందు అనుకొనును. రెండవదానిని కొనవలసివచ్చినచో, నాలుగును ఎనిమిది చేయుటకై పొట్లము మీది మోతాదునకు రెట్టింపు కలిపి చల్లును. లెక్కకు సరిపోయినట్లే తోచును. కాని ఆ లెక్క తప్పు. అది ఎందుకు తప్పో తెలియవలెనన్న, పేరు చివర నిలిచిన "ఎమ్" అను చిన్న యక్షరము వెనుక నున్న శాస్త్రమును కొంచెము తెలిసికొనవలెను. ఆ పాఠమునే ఈ నెల సభ్యుల ముందుంచుచున్నాము.

ప్రక్క మారిన ఎద్దు

కాడికి కట్టిన ఎడ్లలో వలపల ఎద్దు కుడిప్రక్కను, దాపల ఎద్దు ఎడమప్రక్కను నడచును. ఏండ్ల తరబడి వలపల నడచిన ఎద్దును ఒకనాడు దాపల కట్టి చూడుడు. కాడి వంకరపోవును, చాలు వంకరపోవును. ఎద్దు అదే, దాని బలము అదే, తిన్న మేత అదే. తప్పినది ప్రక్క ఒక్కటే. అయినను ఆ పూట పని చెడినది.

ప్రకృతిలో ఇట్టి కుడియెడమల భేదము పలుచోట్ల గలదు. మన రెండు చేతులు ఒకదాని కొకటి అద్దములోని ప్రతిబింబము వంటివి. కాని కుడిచేతి తొడుగు ఎడమచేతికి పట్టదు. పేనిన తాడును చూడుడు. కుడిపేటగా పేనిన తాడును తలక్రిందులు చేసినను, వెనుకకు త్రిప్పినను అది కుడిపేట తాడే. అద్దములో చూచినప్పుడు మాత్రమే ఎడమపేటగా కనబడును. శంఖములలో సామాన్యముగా దొరకునవన్నియు నొకేవైపునకు చుట్లు తిరిగియుండును. ఎదురు చుట్టు గల శంఖము మిక్కిలి యరుదు గనుకనే దానిని దేవతార్చనలో నుంచి గొప్ప వెలకు కొందురు.

కంటికి కనబడని అణువులలోను ఇట్టి జంటలు గలవు. రెండింటిలోను అవే పరమాణువులు, అంతే సంఖ్యలో, అదే వరుసలో కూర్చబడియుండును. అయినను ఒకటి కుడిచేయి, రెండవది ఎడమచేయి. తూచిన నొకే బరువు, కాచిన నొకే వేడికి కరగును, నీటిలో నొకేపాటి కలియును. మామూలు పరీక్షలలో రెంటికిని భేదము పట్టుబడదు. వీనినే రసాయన శాస్త్రజ్ఞులు దర్పణ రూపకములని వ్యవహరింతురు.

వెలుగు త్రిప్పిన గుట్టు

ఈ భేదమును మొట్టమొదట బయటపెట్టినది వెలుగు. సామాన్యమగు వెలుగు అలలు అన్నిదిక్కులకు నూగుచుండును. కొన్ని స్ఫటికముల గుండ పోనిచ్చినచో ఒకే దిక్కున నూగు అలలు మాత్రమే వెలికివచ్చును. కిటికీ యొక్క నిలువు కమ్ముల నడుమనుండి తాడును పట్టి ఊపినచో నిలువు ఊపు మాత్రమే అవతలికి పోయి, అడ్డపు ఊపు కమ్మికి తగిలి ఆగిపోవును గదా! ఇదియు నట్టిదే. ఇట్లు వడగట్టిన వెలుగును కొన్ని ద్రవముల గుండ పంపినచో ఆ ఊపు దిక్కు కొంత కుడికిగాని ఎడమకుగాని తిరుగునని ఫ్రాన్సు దేశస్థుడగు బియో అను శాస్త్రవేత్త 1815లో కనుగొనెను.

ఈ విద్య మన చెరకు రైతునకు పరాయిది కాదు. చక్కెర కర్మాగారపు ప్రయోగశాలలో చెరకు రసమును పరీక్షించు పొలారిమీటరు అను గొట్టపు యంత్రము పనిచేయునది ఈ సూత్రముననే. 26 గ్రాముల శుద్ధమైన చక్కెరను నీట కరగించి 100 మిల్లీలీటర్లు చేసి, 20 సెంటీమీటర్ల పొడవు గల గొట్టములో నింపి పసుపుపచ్చని సోడియము వెలుగును పంపినచో ఆ వెలుగు కుడికి సుమారు 34.6 డిగ్రీలు తిరుగును. యంత్రముపై దానినే 100 అని గుర్తింతురు. రసములో చక్కెర యెంత తక్కువయో తిరుగుడు నంత తక్కువ. రసపు "పోల్" ఇంత అని కర్మాగారమువారు చెప్పుమాటకు అర్థమిదియే.

నరికిన చెరకును ఎండలో నిలువబెట్టినచో దానిలోని చక్కెర విరిగి గ్లూకోసు, ఫ్రక్టోసు అను రెండు చిన్న చక్కెరలగును. ఈ రెండును ఒకదానికొకటి ప్రతిబింబములు కావు, వేరువేరు పదార్థములు. గ్లూకోసు వెలుగును కుడికి త్రిప్పును. ఫ్రక్టోసు అంతకంటె బలముగా ఎడమకు త్రిప్పును. అందుచేత చక్కెర పూర్తిగా విరిగిన ద్రావణము వెలుగును మొత్తముమీద ఎడమకే త్రిప్పును. దీనికి విలోమ చక్కెర యని పేరు వచ్చినది అందువలననే. ఆలస్యమైన చెరకులో పోల్ రెండువిధముల తగ్గును: కుడికి లాగు చక్కెర తగ్గును, ఎడమకు లాగునది పెరుగును. విలోమ చక్కెర హెచ్చిన రసముతో వండిన బెల్లము గట్టిపడక జిగటపారుటయు దీనివలననే. నరికిన చెరకును వెంటనే గానుగకు గాని కర్మాగారమునకు గాని చేర్చవలెనని పెద్దలు చెప్పుమాటకు ఆ గొట్టములోని వెలుగే సాక్షి.

చింతపండు పులుసు చెప్పిన పాఠము

ద్రాక్షసారా పీపాల గోడలకు పేరుకొను ఉప్పునుండి టార్టారికామ్లము అను పులుసు తీయుదురు. మన చింతపండునకు పులుపు నిచ్చునదియు ప్రధానముగా ఈ ఆమ్లమే. ఇది వెలుగును కుడికి త్రిప్పును. అయితే ఐరోపాలో ఒక కర్మాగారమున దీనివంటిదే మరియొక ఆమ్లము దొరికెను. కూర్పు అంతయు సమానమే కాని వెలుగును ఏమాత్రము త్రిప్పదు. ఇది యెట్లని పండితులు తలలు పట్టుకొనిరి.

1848లో ప్యారిసు నగరమున లూయీ పాస్టరు అను ఇరువదియైదేండ్ల యువకుడు ఈ చిక్కు విప్పెను. వెలుగును త్రిప్పని ఆమ్లమునుండి చేసిన ఉప్పు పలుకులను అతడు భూతద్దము క్రింద పరీక్షించెను. అన్నియు నొకేరీతి పలుకులు కావు. కొన్నిటికి ఒకమూల చెక్కినట్లుండిన ముఖము కుడివైపున, కొన్నిటికి ఎడమవైపున నుండెను. ధాన్యములోని రాళ్లను ఏరినట్లు అతడు సన్నని శ్రావణముతో కుడివానిని ఒక కుప్పగా, ఎడమవానిని ఒక కుప్పగా ఏరెను. వేరువేరుగా నీట కరగించి చూచెను. ఒకటి వెలుగును కుడికి త్రిప్పెను. రెండవది అంతే కొలతతో ఎడమకు త్రిప్పెను. రెంటిని సమముగా కలిపినచో తిరుగుడు లేదు. కాడికి రెండువైపుల సమానబలము గల ఎడ్లు ఎదురెదురుగా లాగినట్లయ్యెను.

అప్పటికి డెబ్బదినాలుగేండ్ల వృద్ధుడైన బియో ఈ మాటను వెంటనే నమ్మలేదు. తన యెదుటనే మరల చేసి చూపుమని కోరెను. పాస్టరు చేసి చూపెను. వృద్ధుడు మిక్కిలి సంతసించెను. ఎంత పెద్దవారు చెప్పినను, ఎంత చిన్నవారు చెప్పినను, చేసి చూచి నమ్ముట శాస్త్రమార్గము. మన పొలములలోను ఈ మార్గమే శ్రేయస్కరము.

అణువునకు చేతులెక్కడివను ప్రశ్నకు 1874లో హాలండువాడగు వాంట్ హాఫ్, ఫ్రాన్సువాడగు లెబెల్ వేరువేరుగా సమాధానము చెప్పిరి. కర్బన పరమాణువునకు నాలుగు బంధములు గలవు. అవి నేలపై గీసిన కూడలివలె నొకే చదునున నుండవు, నలుదిక్కులకు విచ్చుకొనియుండును. దీనిని మీరింటిలోనే చేసి చూడవచ్చును. రెండు నిమ్మకాయలు తీసికొనుడు. ఒక్కొక్కదానికి మూడు పుల్లలను ముక్కాలిపీట కాళ్లవలె క్రిందికి విచ్చునట్లును, నాలుగవదానిని నిట్టనిలువుగా పైకిని గ్రుచ్చుడు. రెంటికిని పై పుల్లకు మిరపకాయ గ్రుచ్చుడు. మొదటిదానికి క్రింది పుల్లలకు కుడిచుట్టుగా చింతగింజ, వేరుసెనగకాయ, ఉల్లిపాయ అను వరుసన అమర్చుడు. రెండవదానికి అవే వస్తువులను ఎడమచుట్టుగా అమర్చుడు. ఇప్పుడు మొదటిదానిని ఎన్ని విధముల త్రిప్పినను రెండవదానితో సరిపోదు. రెండు పుల్లల కొనలను మార్చిననే గాని సరిపోదు. అదే, రెండు పుల్లలకు నొకే వస్తువును గ్రుచ్చితిరేని ఈ భేదము మాయమగును. కర్బనమునకు నాలుగు వేరువేరు వస్తువులు తగిలియున్నప్పుడు అణువునకు కుడియెడమలు కలుగుచున్నవి.

బూజు సైతము ఎన్నుకొనును

పాస్టరు ఇంకొక సంగతి కనిపెట్టెను. అది మనకు ముఖ్యము. మొదటి ప్రయోగము జరిగిన సుమారు పదేండ్లకు అతడు కుడియెడమలు కలిసిన టార్టారికామ్లపు ద్రావణములో సూక్ష్మజీవులను పెరుగనిచ్చెను. అవి కుడిదానిని తిని పెరిగెను. ఎడమదానిని ముట్టక విడిచెను. మనుష్యుడు శ్రావణముతో ఏరినదానిని కంటికి కనబడని జీవి నోటితోనే ఏరినది.

దీనికి కారణమేమి? ప్రాణుల శరీరము నిర్మింపబడిన మాంసకృత్తులు ఒకే చేతి వాటము గల అణువులతో అల్లబడినవి. పైరుకు గాని, పురుగునకు గాని, బూజునకు గాని, మనకు గాని ఈ వాటము ఒక్కటే. కాబట్టి ప్రాణిలోని కీలకస్థానములు కుడిచేతి తొడుగు వంటివి. వాటము సరిపోయిన అణువు అందులో దూరి పనిచేయును. దాని జంట అణువు అన్నివిధముల నట్టిదేయైనను అందులో సరిగా ఇమడదు. వలపల ఎద్దును దాపల కట్టినట్లగును.

కర్మాగారములో సామాన్య పద్ధతిని మందు చేసినప్పుడు ప్రాణిలోవలె ఎన్నిక యుండదు. కుడియెడమలు సమముగా పుట్టును. అనగా అట్టి మందు కొన్న రైతు పనిచేయు సగముతోబాటు పనిచేయని సగమునకు గూడ వెల యిచ్చి, దానిని గూడ పొలముపై చల్లుచున్నాడు. ఆ సగము తెగులును చంపకపోగా నేలకును నీటికిని అదనపు భారమగుచున్నది.

ఎనిమిది, నాలుగు: అసలు లెక్క

ఇప్పుడు మన పొట్లములకు మరలి వత్తము. మెటలాక్సిల్ అట్టి సమాన మిశ్రమము. ఒక కిలో పొట్లములో 8 శాతము, అనగా 80 గ్రాములు. అందులో పనిచేయు చేయి 40 గ్రాములు, తక్కినది దాని జంట. మెటలాక్సిల్-ఎమ్ నందు దాదాపు అంతయు పనిచేయు చేయియే. కిలో పొట్లములో 4 శాతము, అనగా 40 గ్రాములు. రెండు పొట్లములలో పనిచేయు సరకు సమానమే!

మాంకోజెబ్ రెంటిలోను 64 శాతముగానే యుండుట గమనించితిరా? ఆ మందునకు ఇట్టి కుడియెడమల జంట లేదు. కాబట్టి దానిలో తగ్గింపవలసినదేమియు లేదు.

నాలుగు శాతపు మందును పలుచనిదని భ్రమపడి రెట్టింపు చల్లినవాడు ఏమి చేసినట్లు? కిలో చాలినచోట రెండు కిలోలు వాడినాడు. పనిచేయు సరకు 40కి బదులు 80 గ్రాములు, మాంకోజెబ్ 640కి బదులు 1280 గ్రాములు పైరుపై పడినవి. ధనము రెట్టింపాయెను, పైరునకు హాని, పంటలో మందు అవశేషములు మిగులు భయము, చల్లువాని దేహమునకు ముప్పు అదనము.

దీనికి విపరీతమైన పొరపాటును గలదు. ప్రత్తి రైతులెరిగిన సైపర్మెత్రిన్ అణువునకు కుడియెడమల తావులు మూడు గలవు. రెండు, రెండు, రెండు హెచ్చవేయగా ఎనిమిది రూపములు. ఎనిమిదింటికి బలము సమానము కాదు. వానిలో మిక్కిలి చురుకైన రూపములు చేరునట్లు రెండింటిని మాత్రము ఎన్ని తీసినది ఆల్ఫాసైపర్మెత్రిన్. సీసాలపై రెంటికిని "10 శాతము" అనియే యుండవచ్చును. అంకె యొక్కటే గదా యని పాత మోతాదునే కొలిచినచో అక్కరకు మించిన విషము చల్లినట్లగును. అచ్చట అంకె తగ్గినను బలము తగ్గలేదు. ఇచ్చట అంకె మారకున్నను బలము పెరిగినది. రెంటిని కలిపి చూచినచో నీతి యొక్కటే: శాతపు అంకెను పేరుతో కలిపి చదువవలెను గాని విడిగా చదువరాదు.

ఇట్లు చేతిని ఎన్నుకొనుట వలన మేలెంతయో చూపుటకు ఒక యుదాహరణము చాలును. మొక్కజొన్న మొదలగు పైరులలో కలుపునకు వాడెడి మెటొలాక్లోర్ అను మందునకు బదులుగా, పనిచేయు రూపములు హెచ్చుగా నున్న ఎస్-మెటొలాక్లోర్ 1997లో అమెరికాలో అనుమతి పొందెను. అదే కలుపును అణచుటకు మునుపటికంటె సుమారు మూడవవంతు తక్కువ మందు చాలెను. అంత మందు నేలపై పడుట తప్పినది.

రెండు హెచ్చరికలు

మొదటిది. పేరులోని ప్రతి యక్షరమును చేతి గుర్తు కాదు. "2,4-డి" లోని డి అను అక్షరము ఆ మందులోని రెండు క్లోరిను పరమాణువులను తెలుపు మాటకు మొదటి యక్షరము; ఆ అణువునకు కుడియెడమలే లేవు. "ఇ.సి.", "డబ్ల్యు.పి." అనునవి మందు నూనెవలె నీటిలో కలియునదా, పొడిగా నుండి నీటిలో తడియునదా యను సంగతిని తెలుపును. మెటలాక్సిల్-ఎమ్ లోని ఎమ్, ఎస్-మెటొలాక్లోర్ లోని ఎస్, ఫ్లూఅజిఫాప్-పి-బ్యూటైల్ లోని పి, ఇట్టివి చేతి గుర్తులు. తెలియనిచో ఊహింపక వ్యవసాయాధికారిని అడుగవలెను.

రెండవది మరింత ముఖ్యము. మెటలాక్సిల్ 1977 ప్రాంతమున వాడుకలోనికి వచ్చెను. అది ఆ జాతి బూజులకు కావలసిన ఆర్.ఎన్.ఎ. అను పదార్థపు నిర్మాణమును ఒకేచోట అడ్డగించును. ఒకేచోట అడ్డగించు మందును పదేపదే వాడినచో దానికి లొంగని బూజు మిగిలి పెరుగును. 1980 నాటికే ఐర్లండు, హాలండు దేశములలో బంగాళదుంప తెగులు దీనికి లొంగుట మానెను. దీనిని ఒంటరిగా వాడక మాంకోజెబ్ వంటి దానితో కలిపి అమ్ముటకు ఇదియొక కారణము. ఇప్పుడు ఒక రైతు "మెటలాక్సిల్ పనిచేయుటలేదు, మందు మార్చెదను" అని మెటలాక్సిల్-ఎమ్ కొనెననుకొనుడు. పేరు మారినది, పొట్లపు రంగు మారినది, వెల మారినది. కాని పనిచేయు చేయి మాత్రము అదే. పాతదానికి లొంగని బూజు క్రొత్తదానికిని లొంగదు. మందు మార్చుట యనగా వేరొక విధమున పనిచేయు మందును తెచ్చుట గాని, అదే చేతికి వేరొక కడియము తొడుగుట కాదు. తెగులు ముదురు రోజులలో ఈ పొరపాటు చేసినవానికి వారము దినములును, నారుమడియు రెండును పోవును.

సభ్యులు పాటింపవలసినవి

ఒకటి: మందు పేరును మొదటినుండి చివరి యక్షరము వరకు చదువుడు. చదువరాని పెద్దలు బడికి పోవు పిల్లలచేత చదివించుకొనుడు.

రెండు: మోతాదును శాతమునుబట్టి మీరే లెక్కగట్టుకొనక, ఆ పొట్లముపై ఆ పైరునకు ముద్రించిన మోతాదునే కొలుచుడు. పాత మందు కొలతను క్రొత్త మందునకు వాడరాదు.

మూడు: వెలలను పోల్చునప్పుడు కిలో ధరను గాని, శాతమును గాని పోల్పరాదు. ముద్రించిన మోతాదు చొప్పున ఎకరమునకు ఎంత మందు పట్టును, దానికి ఎంత పైకమగును అని లెక్కవేసి పోల్చుడు. సంఘమునకు సరకు తెప్పించు కార్యవర్గమువారును ఈ లెక్కయే వేయవలెను.

నాలుగు: ఒక మందు పనిచేయనప్పుడు వేరొక పేరు గలది కొనుటకు ముందు, అది మునుపటిదాని జంటయేమో, ఒకే విధమున పనిచేయునదేమో విచారింపుడు.

ఐదు: సంఘపు గిడ్డంగిలో సరకిచ్చు గుమస్తాలు, ఒకే మందు యొక్క రెండు రూపములున్నప్పుడు వానిని వేరువేరు అరలలో నుంచి, ఎకరపు మోతాదును తెలుగులో పెద్ద యక్షరములతో వ్రాసి కట్టినచో సభ్యులకు గొప్ప యుపకారమగును.

దుక్కికి పోవు రైతు చీకటిలోనైనను తన వలపల ఎద్దును, దాపల ఎద్దును గుర్తుపట్టును. ఒకదాని తావున నొకదానిని కట్టడు. మందు పొట్లము నెత్తినప్పుడును ఆపాటి గుర్తు ఉంచుకొన్నచో ధనము మిగులును, నేల మిగులును, పైరు నిలుచును. వచ్చు సర్వసభ్య సమావేశమునకు సభ్యులు తమ యింటనున్న పొట్లములను, సీసాల చీటీలను వెంట తెచ్చినచో అందరము కలిసి చదువుకొందము.